ఆర్యభటుడి పట్టిక ఇస్తే ప్రోగ్రామ్ భాస్కరుడి సూత్రం కనిపెట్టగలదా?

మంజీర

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా రాత్రిళ్లు జెనెటిక్ ప్రోగ్రామింగ్ (సూత్రాలని జీవుల్లా పుట్టించి, మంచివాటిని కలుపుతూ, మారుస్తూ మెరుగుపరిచే పద్ధతి) మీద కూర్చుంటున్నాను. లైబ్రరీ ఏదీ వాడకుండా పైథాన్‌లో మొదటి నుంచీ సొంతంగా రాసుకున్నాను. ఇప్పుడు ఒక చోట ఆగింది, మీ సాయం కావాలి.

డేటాగా ఆర్యభటీయంలోని (క్రీ.శ. 499) జ్యా (సైన్) పట్టిక తీసుకున్నాను. "మఖి భఖి ఫఖి ధఖి" అని మొదలయ్యే శ్లోకంలో ఆయన ఇచ్చింది పక్కపక్క జ్యాల మధ్య తేడాలు: మ అంటే 25, ఖి అంటే 200, కలిపితే 225. తర్వాత 224, 222, 219. వీటిని వరసగా కూడుకుంటూ పోతే 3°45′కి ఒకటి చొప్పున 90° దాకా 24 జ్యాలు వస్తాయి:

225, 449, 671, 890, 1105, 1315, 1520, 1719, 1910, 2093, 2267, 2431, 2585, 2728, 2859, 2978, 3084, 3177, 3256, 3321, 3372, 3409, 3431, 3438

వ్యాసార్ధం 3438. కాబట్టి ప్రతి విలువనీ 3438తో భాగిస్తే మనం బడిలో చదువుకున్న సైన్ వస్తుంది.

చేరాలనుకుంటున్న చోటు మొదటి భాస్కరుడి సూత్రం. లీలావతి భాస్కరాచార్యుడు కాదు, ఆయనకంటే దాదాపు 500 ఏళ్లు ముందువాడు, ఆర్యభటీయానికి 629లో వ్యాఖ్యానం రాసినాయన. మహాభాస్కరీయంలో పట్టికతో పని లేకుండా జ్యా కట్టే దారి చెప్పాడు. కోణం క డిగ్రీలు అనుకుంటే:

సైన్ క ≈ 4 × క × (180 − క) ÷ (40500 − క × (180 − క))

ఇందులో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప ఇంకేమీ లేవు. అందుకే నా ప్రోగ్రామ్‌కి కూడా ఆ నాలుగే ఇచ్చాను, వాటితో పాటు క, కొన్ని యాదృచ్ఛిక సంఖ్యలు.

ఏం జరుగుతోందంటే, మొదట్లోనే ఇలాంటిది పట్టేస్తుంది:

క × (0.0204 − 0.0001 × క)

తప్పు ఎక్కడా 0.03 దాటదు. అక్కడి నుంచి చెట్టు (ప్రోగ్రామ్ సూత్రాన్ని కొమ్మలుగా రాసుకునే రూపం) పెరగడం మొదలవుతుంది. కాసేపటికి స్క్రీన్ నిండా బ్రాకెట్లే. తప్పు తగ్గుతూనే ఉంటుంది గానీ 180, 40500 దరిదాపుల్లో కూడా కనపడవు. పాపులేషన్ పెంచినా, మ్యుటేషన్ రేటు మార్చినా అదే తీరు. ఏం చేస్తే దారిలో పడుతుంది?

పలకబలపం

బీటెక్ రెండో సంవత్సరం, కొత్తగా చేరాను. అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, జెనెటిక్ అల్గారిథమ్, జెనెటిక్ ప్రోగ్రామింగ్ రెండూ ఒకటేనా? మా సిలబస్‌లో మొదటిది ఉంది, రెండోది లేదు.

సున్నా_ఒకటి

@పలకబలపం మొహమాటం ఎందుకు, మంచి ప్రశ్న. తల్లి ఒకటే, పిల్లలు వేరు. జాన్ హాలండ్ 1975లో పుస్తకంగా తెచ్చిన జెనెటిక్ అల్గారిథమ్‌లో ఒక్కో జీవి సాధారణంగా ఒకే పొడవున్న సంఖ్యల వరస. సూత్రం ఆకారం నీకు ముందే తెలిసి, అందులో సంఖ్యలు మాత్రమే కావాలంటే అది చాలు. హాలండ్ దగ్గరే చదువుకున్న జాన్ కోజా ఆ పద్ధతిని ప్రోగ్రామ్‌లకే పట్టించాడు, 1992లో పెద్ద పుస్తకం రాశాడు. ఇక్కడ జీవి అంటే ఒక చెట్టు: కొమ్మలు కలిసే చోట ×, ÷ లాంటి గుర్తులు, ఆకుల చోట క, సంఖ్యలు. రెండు మంచి చెట్లని తీసుకుని, ఒకదాని కొమ్మ కోసి రెండోదానికి అంటు కట్టడమే క్రాసోవర్. సూత్రం ఆకారం కూడా తెలియనప్పుడు పనికొచ్చేది ఇదే. సూత్రాలు వెతకడానికి వాడినప్పుడు సింబాలిక్ రిగ్రెషన్ అంటారు.

@మంజీర చూసేది రెండు. ఒకటి, ఫిట్‌నెస్‌లో చెట్టు పరిమాణానికి జరిమానా ఉందా? (ఫిట్‌నెస్ అంటే జీవి ఎంత మంచిదో చెప్పే మార్కు.) తప్పు ఒక్కటే కొలిస్తే చెట్టు ఉబ్బుతూనే ఉంటుంది. ఎందుకంటే పెద్ద చెట్టులో ఏ పనీ చేయని కొమ్మలు ఉంటాయి, క్రాసోవర్ వాటి మీద పడితే నష్టం లేదు, అందుకే అలాంటి చెట్లే బతుకుతాయి. రెండు, భాగహారంలో హారం సున్నా అయితే ఏం చేస్తున్నావు? చాలామంది కోజా పద్ధతిలో 1 ఇచ్చేస్తారు. దానివల్ల (క − క) ÷ (క − క) లాంటి చెత్త కూడా "1" అనే సంఖ్యగా చలామణి అవుతుంది.

మంజీర

@సున్నా_ఒకటి భాగహారం మీరన్నట్టే ఉంది. దాన్ని తీసేసి, హారం సున్నాకి దగ్గరైతే ఆ జీవినే కొట్టేసేలా పెడుతున్నాను. పరిమాణం జరిమానా కూడా కలుపుతాను.

చుక్కలదారి

దీనికంటే ముందు కెప్లర్ మూడో నియమం మీద పెట్టి చూడండి. నా ఇంజన్ సరిగ్గా తిరుగుతోందా అని నేను ఎప్పుడూ దాంతోనే పరీక్షిస్తాను. కోజా కూడా తన పుస్తకంలో దీన్ని చేసి చూపించాడు. అంతకంటే ముందు ప్యాట్ లాంగ్లీ, హెర్బర్ట్ సైమన్ బృందం బేకన్ అనే ప్రోగ్రామ్‌తో ఇదే నియమాన్ని రాబట్టింది, అయితే అది జెనెటిక్ పద్ధతి కాదు, చేత్తో రాసిన వెతుకుడు నియమాలు.

కెప్లర్ దగ్గర ఉన్నవి ఆరు గ్రహాలే. దూరం భూమి దూరంతో పోల్చి, కాలం ఏళ్లలో:

బుధుడు 0.387, 0.241
శుక్రుడు 0.723, 0.615
భూమి 1, 1
కుజుడు 1.524, 1.881
గురుడు 5.203, 11.86
శని 9.537, 29.46

వర్గమూలాన్ని కూడా గుర్తుల్లో చేర్చితే "దూరం × √దూరం" అనేది నాలుగు గింజల చెట్టు (గుర్తు గానీ ఆకు గానీ ఒక్కోటి ఒక గింజ). అంత చిన్నది చాలాసార్లు మొదటి తరంలోనే, ఇంకా పరిణామం అన్నది మొదలవకముందే, యాదృచ్ఛికంగా పుట్టేస్తుంది. 1618 మే 15న కెప్లర్‌కి అది తట్టేసరికి టైకో బ్రాహీ పరిశీలనలతో ఆయన ఎన్నేళ్లు కుస్తీ పట్టాడో తెలిసినవాళ్లకి ఈ తేలిక చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు వర్గమూలం తీసేసి మళ్లీ నడపండి. నాలుగు గుర్తులతోనే ఆరు గ్రహాలకీ చక్కగా అతికే భిన్నం ఏదో తయారుచేస్తుంది. అప్పుడు నెప్ట్యూన్‌ని అడగండి. దూరం 30.07, కాలం 164.8 ఏళ్లు. అసలు నియమం 164.9 ఇస్తుంది. ఆ భిన్నం ఎక్కడికో పోతుంది. యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో దొరికాయి, కెప్లర్ వాటిని చూడలేదు. అందుకే ఆ రెండింటినీ నేను ఎప్పుడూ ప్రోగ్రామ్‌కి చూపించకుండా దాచిపెడతాను.

నల్లబల్ల

మంజీర గారూ, లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను, కోడింగ్ నాకు అంతగా రాదు. కానీ మీ ఇబ్బంది కోడ్‌లో కంటే డేటాలో ఎక్కువ ఉందనిపిస్తోంది.

మీరు ఇచ్చిన పట్టిక 90° దగ్గర ఆగిపోయింది. భాస్కరుడి సూత్రానికి ప్రాణం క × (180 − క) అనే లబ్ధం. కోణం 30 అయినా 150 అయినా అది 4500. అంటే సైన్ 90°కి అటూ ఇటూ ఒకేలా ఉంటుందన్న సంగతి ఆ లబ్ధంలోనే ఇమిడి ఉంది. మీ 24 వరుసల్లో ఆ సంగతి ఎక్కడైనా ఉందా? 90 దాటి ఒక్క బిందువు కూడా లేనప్పుడు 180 అనే సంఖ్య పుట్టడానికి కారణమే లేదు. పుట్టినా దానికి అదనంగా మార్కులు పడవు.

పట్టికని అద్దంలో చూసినట్టు 180° దాకా పొడిగించండి. 24 వరుసలు 47 అవుతాయి. రెండు చివర్లా సున్నాలు కలిపితే 49. ఇందులో దొంగతనమేమీ లేదు, ఆ సౌష్ఠవం ఆర్యభటుడికీ భాస్కరుడికీ తెలిసిందే.

సున్నా_ఒకటి

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దాని మీద ఇంకో మాట. 40500 లాంటి సంఖ్యని యాదృచ్ఛిక మ్యుటేషన్‌తో పట్టుకోవడం జెనెటిక్ ప్రోగ్రామింగ్‌కి చాలా కష్టం. ఆకారాలు వెతకడంలో ఉన్న నేర్పు దీనికి సంఖ్యలు సరిచేయడంలో లేదు. మార్టెన్ కైజర్ 2003లో చూపించిన లీనియర్ స్కేలింగ్ వాడండి: ప్రతి చెట్టుకీ ముందు ఒక గుణకం, ఒక కూడిక సంఖ్య లీస్ట్ స్క్వేర్స్‌తో (తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా) కట్టేసి, ఆ తర్వాతే తప్పు కొలవాలి. సరైన ఆకారం ఉండి కొలత మాత్రమే తేడా ఉన్న చెట్లు అనవసరంగా చచ్చిపోకుండా ఉంటాయి.

అంతకంటే తేలిక దారి, కొలమానం మార్చడం. 180°ని 1 అనుకోండి. క ÷ 180ని ఒక భాగంగా తీసుకుని, దాన్ని (1 − అదే భాగం)తో గుణిస్తే వచ్చేదాన్ని వ అందాం. అప్పుడు భాస్కరుడి సూత్రం ఇలా అవుతుంది:

16 × వ ÷ (5 − 4 × వ)

40500 మాయమైంది. మిగిలినవి 16, 5, 4.

కొండవీడు

చదువుతూ వచ్చాను. ఒక మాట సూటిగా అడుగుతాను, ఎవరూ మరోలా అనుకోవద్దు. సౌష్ఠవం మీరే ఇచ్చారు. కొలమానం మీరే మార్చారు. నాలుగు గుర్తులు చాలని మీరే తేల్చారు, ఎందుకంటే జవాబులో నాలుగే ఉన్నాయని మీకు ముందే తెలుసు. ఇప్పుడు వ కూడా చేతికిస్తే ప్రోగ్రామ్ కనిపెట్టడానికి ఏం మిగిలింది? దీన్ని "తిరిగి కనిపెట్టడం" అనొచ్చా?

ఫ్రిస్కో_తెలుగు

@కొండవీడు ఈ ప్రశ్న పెద్ద పరిశోధనలకీ ఎదురైంది. 2009లో కార్నెల్ నుంచి మైఖేల్ ష్మిట్, హాడ్ లిప్సన్ సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. జంట లోలకం కదలికల్ని కెమెరాతో పట్టి, ఆ సంఖ్యల్లోంచి జెనెటిక్ ప్రోగ్రామింగ్‌తో శక్తి నిత్యత్వ సూత్రాలు రాబట్టారు. భౌతికశాస్త్రం ఏమీ నేర్పకుండానే దొరికాయని అప్పట్లో పెద్ద వార్త. 2012లో క్రిస్టఫర్ హిలార్, ఫ్రెడ్రిక్ సోమర్ దాని మీద రాస్తూ, ఆ పేపర్‌లో వాడిన ఫిట్‌నెస్ కొలతలోనే హామిల్టన్ సమీకరణాలు, న్యూటన్ రెండో నియమం పరోక్షంగా కూర్చుని ఉన్నాయని చూపించారు. ఎక్కడా నేరుగా రాయలేదు, కానీ ఏది మంచి జవాబో తేల్చే తూకంలోనే ఉన్నాయి.

అలాగని ముందే తెలిసింది ఇవ్వడం తప్పేమీ కాదు. 2020లో ఉద్రెస్కు, టెగ్‌మార్క్ చేసిన ఏఐ ఫైన్‌మాన్ అయితే కొలమానాలు సరిపోవాలి, సౌష్ఠవం ఉందేమో చూడాలి అని బహిరంగంగానే పెట్టుకుంది. ఫైన్‌మాన్ లెక్చర్ల నుంచి తీసుకున్న 100 సమీకరణాల్లో అంతకుముందున్న సాఫ్ట్‌వేర్ 71 పట్టుకుంటే, ఇది వందకి వంద పట్టింది. నా మట్టుకు నాకు కావాల్సిందల్లా, ఏం ఇచ్చామో పక్కన రాసిపెట్టడం. "వ ఇచ్చాం, నాలుగు గుర్తులు ఇచ్చాం, ఇది వచ్చింది" అని చెబితే గొడవ లేదు.

నేను పైఎస్ఆర్ అనే సింబాలిక్ రిగ్రెషన్ సాఫ్ట్‌వేర్ వాడతాను. మైల్స్ క్రాన్మర్ రాసింది, లోపల జూలియా భాషలో నడుస్తుంది. ఒకే జవాబు ఇవ్వదు. మూడు గింజల్లో అన్నిటికన్నా మంచిది, ఐదు గింజల్లో మంచిది, ఇలా ప్రతి పరిమాణానికీ ఒకటి చొప్పున వరస ఇస్తుంది. @మంజీర మీ కోడ్‌లో కూడా ఆ వరస ఉంచుకోండి. పరిమాణం జరిమానా ఎంత పెట్టాలన్న తలనొప్పి పోతుంది.

నల్లబల్ల

కొండవీడు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి చేత్తోనే కొంత జవాబు చెప్పొచ్చు.

వ మన చేతికి వచ్చాక, భిన్నంలో అతి సాదా ఆకారం తీసుకుందాం: అ × వ ÷ (ఆ − ఇ × వ). మూడు అక్షరాలకీ విలువలు కావాలి. 90° దగ్గర వ విలువ 1/4, సైన్ 1. దాంతో అ = 4ఆ − ఇ. 30° దగ్గర వ విలువ 5/36, సైన్ సగం. దాంతో 10అ = 36ఆ − 5ఇ. మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే 4ఆ = 5ఇ. అతి చిన్న పూర్ణాంకాలు: ఆ = 5, ఇ = 4, అప్పుడు అ = 16.

రెండే రెండు కోణాలు. పట్టికలో మిగతా 22 వరుసలూ అక్కర్లేదు. భాస్కరుడు ఉపపత్తి (నిరూపణ) ఇవ్వలేదు, సూత్రం మాత్రమే చెప్పాడు. ఎలా రాబట్టి ఉంటాడన్న దాని మీద చరిత్రకారులు రకరకాల దారులు చూపించారు, ఇది వాటిల్లో తేలికైన కోవకి చెందింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇక్కడ కష్టమంతా వ దగ్గర ఉంది. క × (180 − క) అనే మూటని ఒక వస్తువుగా చూడటమే ఆ సూత్రంలోని తెలివి. ప్రోగ్రామ్ ఆ మూటని తనంతట తాను కట్టిందా లేదా అన్నదే అసలు పరీక్ష. వ చేతికివ్వకుండా, కోణం మాత్రమే ఇచ్చి, 180° దాకా పొడిగించిన డేటాతో నడిపి చూడండి మంజీర గారూ. అద్దం పెట్టడం వేరు, మూట కట్టి ఇవ్వడం వేరు.

పలకబలపం

మాస్టారూ, ఆ నాలుగు వరుసల లెక్క నోట్సులో రాసుకున్నాను. ఇంటర్‌లో ఇలా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మంజీర

మాస్టారు చెప్పినట్టే చేశాను. ఇచ్చినవి: 180° = 1గా మార్చిన కోణం (దాన్ని భ అందాం), నాలుగు గుర్తులు, 20 లోపు పూర్ణాంకాలు, 49 వరుసలు. వ ఇవ్వలేదు. భాగహారం, జరిమానా సంగతులు @సున్నా_ఒకటి చెప్పినట్టు, పరిమాణాల వరస @ఫ్రిస్కో_తెలుగు చెప్పినట్టు.

భ × (1 − భ) అనే కొమ్మ దానంతట అదే పుట్టింది! అది ఒక చెట్టులో కనపడిన కాసేపటికే పాపులేషన్ అంతా పాకిపోయింది. ఆ తర్వాత క్రాసోవర్ ఆ కొమ్మని మొత్తంగా పట్టుకుని అటూ ఇటూ మారుస్తుంటే చూడటం గొప్పగా అనిపించింది. దాన్ని ఒకే గింజగా లెక్కేసి, వ అని కుదించి రాస్తే వరసలో నిలిచినవి ఇవి. పక్కన ఉన్నది ఆర్యభటుడి పట్టికతో, అంటే 3438 కొలమానంలో, అన్నిటికన్నా పెద్ద తేడా:

4 × వ → 193
16 × వ × (1 + వ) ÷ 5 → 21
16 × వ ÷ (5 − 4 × వ) → 5

మూడోదే భాస్కరుడిది. ఒక్కో వరుసా దగ్గరగా చూస్తే ఇలా ఉంది. 3°45′ దగ్గర పట్టిక 225, సూత్రం 228. 15° దగ్గర 890, 895. 30° దగ్గర రెండూ 1719. 45° దగ్గర 2431, 2427. 60° దగ్గర 2978, 2973. 90° దగ్గర రెండూ 3438. చిన్న కోణాల్లో సూత్రం కొంచెం ఎక్కువ చెబుతుంది, 30 దాటాక కొంచెం తక్కువ చెబుతుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మధ్యలోది. అందులో కోణంతో భాగించే పనే లేదు, 5తో భాగిస్తే చాలు. దాన్ని నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు.

సున్నా_ఒకటి

బాగుంది! ఇంకొకటి గమనించు. 20 లోపు పూర్ణాంకాలు అన్న షరతు తీసేసి దశాంశ సంఖ్యలు వదిలిపెడితే ప్రోగ్రామ్ 16, 5, 4 దగ్గర నిలవదు. ఆ చుట్టుపక్కలే తిరుగుతూ, మొత్తం తప్పు ఇంకొంచెం తగ్గించే వంకర సంఖ్యలు పట్టుకుంటుంది. కారణం తేలికే: భాస్కరుడి సూత్రం సున్నా దగ్గర పై (π) విలువ 3.2 అన్నట్టు ప్రవర్తిస్తుంది, అసలుది 3.1416. అక్కడ కొంచెం నొక్కి, 90° దగ్గర కొంచెం వదిలితే సగటున లాభం. కానీ అలా చేస్తే 30° దగ్గర సరిగ్గా సగం రాదు, 90° దగ్గర సరిగ్గా ఒకటి రాదు, చేత్తో లెక్క కట్టేవాడికి పనికిరాదు.

అంటే భాస్కరుడి సూత్రమే రావాలంటే భాస్కరుడికి ఏది ముఖ్యమో అది నీ ఫిట్‌నెస్‌లో ఉండాలి. తక్కువ తప్పు ఒక్కటే ఆయనకి ముఖ్యం కాదు. గుర్తుండే సంఖ్యలు, శ్లోకంలో ఇమిడే సంఖ్యలు, తెలిసిన కోణాల దగ్గర ఏ మాత్రం తేడా రాకపోవడం కూడా కావాలి. నీ "20 లోపు పూర్ణాంకాలు" షరతు ఆ పని చేసింది.

చుక్కలదారి

దాచిపెట్టిన పరీక్ష పెట్టారా? 180 దాటించి చూడండి. 270° దగ్గర సైన్ −1 రావాలి. భాస్కరుడి సూత్రంలో క × (180 − క) = −24300 అవుతుంది, జవాబు −1.5. ఆయన దాన్ని అర్ధ వృత్తం లోపలికే ఉద్దేశించాడు కాబట్టి అది ఆయన తప్పు కాదు. కానీ కెప్లర్ నియమానికీ దీనికీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది. ఒకటి డేటా అంచు దాటినా నిలబడింది, ఇంకొకటి నిలబడలేదు.

అయితే అంచు దాటి నిలబడటం కూడా పూర్తి సాక్ష్యం కాదు. టిషియస్–బోడే వరస గుర్తుందా? 0.4కి 0.3 × 2 ఘాతాలు కలుపుతూ పోతే 0.7, 1.0, 1.6, 2.8, 5.2, 10.0, 19.6. గ్రహాల దూరాలకి బాగా దగ్గర. 1766లో టిషియస్, 1772లో బోడే దాన్ని చెప్పేనాటికి శని అవతల ఏ గ్రహమూ తెలియదు. 1781లో యురేనస్ దొరికింది: 19.2. కుజుడికీ గురుడికీ మధ్య 2.8 దగ్గర ఖాళీ ఉంటే, 1801 జనవరి 1న పియాజీ సెరెస్‌ని చూశాడు: 2.77. దాచిపెట్టిన పరీక్ష రెండుసార్లు గెలిచింది! తర్వాత నెప్ట్యూన్ వచ్చింది. వరస 38.8 అంది, ఆకాశం 30.07 అంది. కెప్లర్ నియమం వెనక న్యూటన్ గురుత్వాకర్షణ ఉంది. బోడే వరస వెనక అలాంటి కారణం ఇంతవరకు ఎవరూ నిలబెట్టలేదు.

కొండవీడు

@నల్లబల్ల, @మంజీర నా ప్రశ్నకి జవాబు దొరికింది. వ ఇవ్వకుండా ఆ కొమ్మ పుట్టిందన్నది నాకు చాలు. దాన్ని కనిపెట్టడం అనడానికి నాకు అభ్యంతరం లేదు.

పలకబలపం

ఒక ఆలోచన. కోణమే ఇవ్వకపోతే? ఆర్యభటుడు శ్లోకంలో తేడాలే ఇచ్చాడు కదా. ముందు రెండు జ్యాలు ఇచ్చి, మూడోది చెప్పమని ప్రోగ్రామ్‌ని అడిగితే ఏం వస్తుంది?

నల్లబల్ల

భలే అడిగారు. ఆర్యభటుడు ఆర్యభటీయంలోని గణితపాదంలో ఇచ్చిన నియమం సరిగ్గా అదే. తేడా ఎంత తగ్గాలో చెప్పడానికి అప్పటి జ్యాని మొదటి జ్యా 225తో భాగించమన్నాడు. మన రాతలో: రాబోయేది = 2 × ఇప్పటిది − ముందుది − ఇప్పటిది ÷ 225. పరీక్షించండి: 2 × 225 − 0 − 1 = 449. తర్వాత 898 − 225 − 2 = 671. ప్రోగ్రామ్ 225 చెబుతుందేమో చూడండి.

మంజీర

చెప్పలేదు మాస్టారూ! ఆకారం అచ్చంగా అదే వచ్చింది, "2 × ఇప్పటిది − ముందుది" తొందరగానే, ఆ చివరి ముక్క కొంచెం ఆలస్యంగా. కానీ భాజకం 225 దగ్గర నిలవకుండా 233 చుట్టూ తేలుతోంది. ప్రోగ్రామ్‌లో లోపమేమో అని చేత్తో కట్టి చూశాను. మొదటి తేడా 225, చివరి తేడా 7, మొత్తం తగ్గింది 218. మొదటి 23 జ్యాల మొత్తం 50,795. భాగిస్తే దాదాపు సరిగ్గా 233 వస్తోంది.

225 పెట్టి, పూర్ణాంకాలకి సవరించకుండా మొదటి నుంచీ నడిపిస్తే 24వ జ్యా 3375 దగ్గర ఆగుతోంది. 233 పెడితే 3436. పట్టికలో ఉన్నది 3438.

నల్లబల్ల

ఎంత మంచి సంగతి పట్టారు! ఇది ప్రోగ్రామ్ లోపం కాదు. ఆధునిక త్రికోణమితి ప్రకారం ఆ భాజకం 1 ÷ (2 − 2 × కొసైన్ 3°45′), అంటే 233.5. కేరళలో నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో తంత్రసంగ్రహంలో 225 బదులు 233½ వాడాడు. ఆర్యభటుడి శ్లోకంలో మాటగా ఉన్నది 225, ఆయన పట్టికలో అంకెలుగా ఉన్నది 233. కాబట్టి పట్టికని ఆ నియమం ఒక్కదాంతోనే కట్టలేదని తెలుస్తోంది. మీ ప్రోగ్రామ్ శ్లోకం చదవలేదు, అంకెలే చదివింది. నీలకంఠుడు చేరిన చోటికి అర సంఖ్య తేడాలో వచ్చి ఆగింది.

చుక్కలదారి

ఆ అర సంఖ్య తేడా ఆర్యభటుడి పట్టికలో జ్యాలు పూర్ణాంకాలకి సవరించి ఉండటం వల్లే అనుకుంటాను. కేరళ గణితజ్ఞుడు మాధవుడి జ్యా పట్టికలో కలలతో (డిగ్రీలో 60వ వంతు) పాటు వికలలు (కలలో 60వ వంతు), వాటి కింద ఇంకో మెట్టు కూడా ఉంటాయి. దాన్ని ఎక్కిస్తే 233½కి ఇంకా దగ్గరికి రావాలి.

ఫ్రిస్కో_తెలుగు

@మంజీర కోడ్ ఎక్కడైనా పెట్టండి. మాధవుడి 24 వరుసలూ నేను టైప్ చేస్తాను, మాస్టారు ఒకసారి సరిచూస్తే చాలు.

నల్లబల్ల

పంపండి, రేపు పొద్దున్నే కూర్చుని వరస వరసా చూస్తాను.